కనకమ్మ సత్రంలో స్థలం కొనబోతున్నారా?

చెన్నై–తిరుపతి రోడ్డు మీద కనకమ్మ సత్రంలో దిగితే తెలుగు వినపడుతుంది. కొత్తగా కాపురం పెట్టేవాళ్లకు అదే సగం ధైర్యం. అయితే ఆ తెలుగు టీకొట్టు దాకానే. పట్టా, కిరయ పత్రం (అమ్మకం పత్రం), ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) చాలావరకు తమిళంలోనే ఉంటాయి. సంతకం పెట్టేముందు ప్రతి పంక్తీ తెలుగులో చెప్పించుకోండి. చెప్పే మనిషి అమ్మేవాళ్ల తాలూకు గానీ బ్రోకరు గానీ కాకూడదు. ఇది మొహమాటపడే చోటు కాదు.

చిత్తూరు, నెల్లూరు వైపు మనకు అంకణాల లెక్క. ఇక్కడ గ్రౌండు అంటారు. గ్రౌండు 2,400 చదరపు అడుగులు, అంటే 36 చదరపు అడుగుల అంకణాలు 67కి కాస్త తక్కువ. బేరం చదరపు అడుగుల్లోనే ఆడండి.

ఈ ప్రాంతపు తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. అందువల్ల ఈ చుట్టుపక్కల పాత తాయ్ పత్రాలు (మూల పత్రాలు) తెలుగులో కనిపించవచ్చు. ‘అది ఎప్పటిదో, ఇప్పుడెందుకు’ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. హక్కు ఎవరి దగ్గర మొదలైందో చెప్పే కాగితం అది, పైగా మీరే చదువుకోగలిగినది.

ఎక్కువమంది దెబ్బతినేది ఉమ్మడి పట్టా దగ్గర. ఇక్కడ దాన్ని కూట్టు పట్టా అంటారు. ఒక సర్వే నంబరు మీద అయిదుగురు అన్నదమ్ముల పేర్లుంటాయి. వాళ్లలో ఒకాయన మిమ్మల్ని పొలం గట్టు మీదికి తీసుకెళ్లి, తూర్పు మూల చూపించి, ‘ఇదీ నా భాగం’ అంటాడు. ఎఫ్ఎంబీ (సర్వే కొలతల పుస్తకం) నక్షా తెప్పించి చూస్తే ఆ మూలకు గీతే ఉండదు. సబ్‌డివిజన్ కాలేదన్నమాట. భాగపంపకాల పత్రం రిజిస్టరు కాకపోతే, మీరు కొనేది ఆ మూల కాదు, ఉమ్మడిలో ఒక వాటా మాత్రమే. ఆడపిల్లల సంగతీ అడగండి. తమిళనాడులో 1989 మార్చి 25 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకు రాష్ట్ర చట్టమే పిత్రార్జితంలో వాటా ఇచ్చింది. 2005లో కేంద్ర చట్టం పెళ్లయినవాళ్లకూ ఇచ్చింది. అక్కచెల్లెళ్ల సంతకాలు లేని అమ్మకం జోలికి పోకపోవడమే మేలు.

ఈసీని ఇక్కడ విల్లంగ సర్టిఫికెట్ అంటారు. కనీసం 30 ఏళ్లకు తీయించండి, కానీ దాన్నే నమ్ముకోకండి. రిజిస్టరు కాని అగ్రిమెంటు, రిజిస్టరు కాని వీలునామా అందులో కనపడవు. రిజిస్ట్రేషన్ జరిగిందంటే హక్కు ఖాయమైందని కూడా కాదు.

ఇక రోడ్డు పక్కన రాళ్లు పాతిన ప్లాట్లు. అనుమతి లేని లేఅవుట్లలో రిజిస్ట్రేషన్లను 2016లో మద్రాసు హైకోర్టు ఆపింది. ఆ ఏడాది అక్టోబరు 20కి ముందు వేసిన లేఅవుట్లకే 2017 నిబంధనల కింద క్రమబద్ధీకరణ దొరికింది. బ్రోచర్లో ‘అప్రూవ్డ్’ అని ఉంటే చాలదు, అనుమతి నంబరు అడిగి మీరే సరిచూసుకోండి. గుడి మాన్యాలూ ప్రభుత్వ పోరంబోకులూ ఎంత చవగ్గా వచ్చినా వద్దు. అంతకంటే ముఖ్యం, బ్రిటిషువాళ్ల కాలంలో దళితులకు కేటాయించిన పంచమి భూములు. వాటిని ఇతరులు కొంటే చెల్లదు. కొనాలనుకోవడమూ అన్యాయమే.

ఖర్చు సంగతి: స్టాంపు డ్యూటీ 7 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం. 2025 ఏప్రిల్ నుంచి 10 లక్షల లోపు ఆస్తి ఆడవాళ్ల పేరున కొంటే ఫీజులో ఒక శాతం తగ్గుతుంది. రిజిస్ట్రేషన్ అయ్యాక పట్టా మీ పేరున మారిందో లేదో చూసుకోండి, మారకపోతే ఈ-సేవై కేంద్రంలో దరఖాస్తు పెట్టండి.

లాయరుకు ఇచ్చే స్తోమత లేకపోతే 15100కి ఫోన్ చేయండి. ఉచిత న్యాయ సహాయం నంబరు అది. ఆడవాళ్లకూ పిల్లలకూ ఎస్సీ, ఎస్టీలకూ ఆదాయంతో పని లేకుండా లాయర్ని ఇస్తారు. బయానా ఇచ్చాక కాదు, ఇవ్వకముందే చేయండి.