నీళ్లు పడతాయని నమ్మకం ఎంత?

చెన్నేకొత్తపల్లి వైపు బోరు వేయించే ముందు పాయింట్ చూపించే రైతులు చాలామంది. అరచేతిలో పడుకోబెట్టిన కొబ్బరికాయ లేచి నిలబడితే, "ఈడ నీళ్లుండాయన్నా, ఏసెయ్!" అంటారు. అనుమానపడితే సాక్ష్యం సిద్ధం: "పక్క చేన్లో అట్లే చూసి ఏస్తే పడలేదా?"

పడ్డాయి, నిజమే. కాయ నిలబడినా ఎండిపోయిన బోర్లెన్ని? వాటి గురించి ఎవరూ నలుగురిలో చెప్పుకోరు. పైగా ఇది గట్టి రాతి నేల. నీళ్లుండేది బండల పగుళ్లలో. పక్క చేని కింది పగులు మీ చేని కిందికీ రావాలని లేదు.

ఇక్కడ కాయ నిలబడటం హేతువు, నీళ్లు పడటం ఫలితం. హేతువు ఉండీ ఫలితం లేని చోటు ఒక్కటి కనబడితే ఆ వాదం పడిపోయినట్టే. దీన్ని సవ్యభిచారం అంటారు. 17వ శతాబ్దంలో మన తెలుగువాడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో హేత్వాభాసలు, అంటే హేతువులో ఉండే దోషాలు, ఐదు చెబుతూ మొదట పెట్టింది దీన్నే.

కానీ అన్నంభట్టు లెక్కన పోతే రైతు బోరే వేయలేడు. నూటికి నూరు పాళ్లు తేలే సంగతి పొలంలో ఏముంటుంది? ఇక్కడ పనికొచ్చేవాడు పోలిష్ తార్కికుడు, కజిమియెష్ అయ్‌దుకియెవిచ్. ఆధారం ఎంత గట్టిదో నమ్మకం అంతే ఉండాలంటాడు. తప్పే అవకాశమున్న వాదాన్నీ తోసిపారేయడు. దాన్ని నమ్మి పనిచేస్తూ పోతే చివరికి లాభమా, నష్టమా అని తూచమంటాడు. కెనడాలోని విండ్సర్‌లో 1978 సదస్సుతో ఊపందుకున్న అనియత తర్కం (ఇన్‌ఫార్మల్ లాజిక్) అనే శాఖకూ పట్టింపు ఇలాంటిదే: సూత్రాలు కాదు, మనుషులు నిజంగా చేసే వాదనలు.

కాబట్టి "పెనుకొండ కియాలో మావోడికి ఉద్యోగమొచ్చింది, నువ్వూ వాడు చేసిన కోర్సే చెయ్" అని ఎవరన్నా అంటే, రానివాళ్లెందరో అడగండి. తర్వాత ఫీజు అప్పుదా, చేతి డబ్బా చూసుకోండి. ఒకే ఆధారం మీద పదివేలు పెట్టొచ్చు, పొలం తాకట్టు పెట్టకూడదు.

ఇంట్లో పెద్దవాళ్లతో మాత్రం కాయ అబద్ధమని వాదనకు దిగకండి. "నాన్నా, ఐదేళ్లలో మన చుట్టుపక్కల ఏసిన బోర్లన్నీ రాద్దాం, ఎండినవి కూడా" అని కాగితం, పెన్ను ఆయన చేతికే ఇవ్వండి. ఏ చేన్లో ఎన్ని అడుగులకు పడ్డాయో, ఎక్కడ దుమ్మే లేచిందో మీకంటే ఆయనకే బాగా గుర్తు.