బ్రిటన్ సుప్రీంకోర్టు: కీలక తీర్పులు

యునైటెడ్ కింగ్‌డమ్ సుప్రీంకోర్టు 2009 అక్టోబర్ 1న పని ప్రారంభించింది. అంతకుముందు తుది అప్పీళ్లను హౌస్ ఆఫ్ లార్డ్స్‌లోని లా లార్డ్స్ (న్యాయమూర్తులుగా వ్యవహరించే సభ్యులు) విచారించేవారు. న్యాయమూర్తుల సంఖ్య 12.

మిల్లర్ కేసు (2017): యూరోపియన్ యూనియన్ నుంచి వైదొలిగే ప్రక్రియ ప్రారంభించాలంటే పార్లమెంటు చట్టం తప్పనిసరి. 8–3 మెజారిటీతో తీర్పు.

రెండో మిల్లర్ కేసు (2019): అప్పటి ప్రధాని బోరిస్ జాన్సన్ సలహాతో పార్లమెంటును ప్రొరోగ్ చేయడం (సమావేశాలను నిలిపివేయడం) చెల్లదని 11 మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చారు. పార్లమెంటు తన పని చేయకుండా ప్రభుత్వం సరైన కారణం లేకుండా అడ్డుకోరాదన్నది ఇందులోని సూత్రం.

ఉబర్ కేసు (2021): డ్రైవర్లు స్వయం ఉపాధిదారులు కారు, ‘వర్కర్లు’. కనీస వేతనం, వేతనంతో కూడిన సెలవులు వారి హక్కు.

రువాండా కేసు (2023): శరణార్థులను రువాండాకు పంపే విధానం చట్టవిరుద్ధం. అక్కడి నుంచి వారిని ప్రమాదమున్న స్వదేశాలకు తిప్పి పంపే ముప్పు ఉందని కోర్టు గుర్తించింది. దీనికి ప్రతిగా పార్లమెంటు 2024లో రువాండాను సురక్షిత దేశంగా ప్రకటిస్తూ చట్టం చేసింది.

థేలర్ కేసు (2023): 1977 పేటెంట్ల చట్టం ప్రకారం ఆవిష్కర్త మనిషే కావాలి, కృత్రిమ మేధ కాకూడదు.

ఫించ్ కేసు (2024): చమురు బావులకు అనుమతిచ్చే ముందు, ఆ చమురును మండించినప్పుడు వెలువడే ఉద్గారాలనూ అంచనా వేయాలి. 3–2 మెజారిటీ.

గుర్తుంచుకోండి: భారత సుప్రీంకోర్టులా కాకుండా, బ్రిటన్ సుప్రీంకోర్టుకు పార్లమెంటు చట్టాలను కొట్టివేసే అధికారం లేదు. అక్కడ పార్లమెంటుదే సర్వాధికారం.