ఇంటి పెద్దలకు ఇంటిలోనే నిరాదరణ

నాగార్జునసాగరు ఎడమ కాలువ నీటితో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో మెట్ట మాగాణి అయినది. ఆ మాగాణిని చెమటోడ్చి తయారుచేసిన రైతులు నేడు వృద్ధులు. చేతగాని వయస్సు రాగానే భూమిని కొడుకుల పేర వ్రాసి, పట్టాదారు పాసుపుస్తకము వారికప్పగించి, “ఇక నాకేమి చింత?” అనుకొనుట లోకములో ఉన్నదే. పెక్కు ఇండ్లలో ఆ నమ్మకము వమ్ము కాదు. కొన్ని ఇండ్లలో మాత్రము ఆనాటి నుండియే తిండి వంతుల మీదికి వచ్చును. అయ్య ఒక కొడుకు ఇంట, అవ్వ మరొక కొడుకు ఇంట. “ఇంటి గొడవ, మనకెందుకు?” అని ఊరు ఊరకుండును.

నిరాదరణ అనగా నేమి?

కొట్టుట ఒక్కటియే హింస కాదు. తిట్టుట, బెదరించుట, వేళకు అన్నము, మందులు పెట్టకుండుట, పింఛను సొమ్ము లాగికొనుట, మోసముతో వ్రేలిముద్ర వేయించుకొనుట, ఒంటరిగా వదలివేయుట, ఇవియన్నియు హింసయే. నమ్మకముండవలసిన చోట వృద్ధులకు కీడు చేయుటయు, చేయవలసినది చేయకుండుటయు రెండును దోషములే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

పరిశోధనలు ఏమి తెలిపినవి?

1975లో ఇంగ్లండు వైద్యులు ఈ విషయమును వైద్య పత్రికలలో వ్రాసిరి. 2017లో, 28 దేశములకు చెందిన 52 పరిశోధనలను ఒకచోట చేర్చి చూడగా, 60 ఏండ్లు దాటిన ప్రతి ఆరుగురిలో ఒకరు ఒక్క ఏడాదిలో ఏదో ఒక విధమైన హింసకు గురియైనట్లు తేలినది. మన దేశములో 2017-18లో జరిగిన వృద్ధాప్య సర్వేలో నూటికి సుమారు ఐదుగురు వృద్ధులు తమకట్టి బాధ కలిగినదని చెప్పిరి. ఇది స్వల్పమని తలపరాదు. 2011 జనాభా లెక్కల ప్రకారము దేశములో వృద్ధులు 10 కోట్ల 38 లక్షలు. అందులో నూటికి ఐదుగురనగా అరకోటికి పైమాటే. కన్నబిడ్డల పరువు పోవునని నోరు మెదపనివారు ఈ లెక్కలోనికి రారు.

మాటలో మొదలగు జాడ్యము

“ముసలివానికేమి తెలియును?” అను మాటతోనే ఈ జాడ్యము మొదలగును. వయస్సును బట్టి మనిషిని చులకన చేయు ఈ వయోవివక్షకు 1969లో అమెరికా వైద్యుడు రాబర్టు బట్లర్ ఆంగ్లమున ‘ఏజిజం’ అని పేరు పెట్టెను. ఆ దేశపు పరిశోధకురాలు బెక్కా లెవీ 2002లో మరొక సంగతి ప్రకటించెను: తమ వార్ధక్యమును గూర్చి మంచిగా తలచువారు, అట్లు తలపనివారి కంటె సగటున ఏడున్నర సంవత్సరములు ఎక్కువ జీవించిరి. నీవు దండుగ అని నిత్యము వినువాడు, తానే ఆ మాట నమ్మి కృశించును.

చట్టము చేతికందు దూరములోనే ఉన్నది

2007లో పార్లమెంటు తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము చేసినది. దీని క్రింద రెవిన్యూ డివిజనల్ అధికారి అధ్యక్షతన ట్రిబ్యునలు ఉండును. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడును డివిజను కేంద్రములే. దరఖాస్తునకు న్యాయవాదిని పెట్టుకొనవలసిన పని లేదు. నడువలేనివారి పక్షమున మరొకరు దరఖాస్తు ఇయ్యవచ్చును. నోటీసు అందిన 90 దినములలో తీర్పు చెప్పవలెను. ప్రత్యేక కారణమున్నచో మరి 30 దినములు పొడిగింపు కలదు. నెలకు రూ.10,000 వరకు పోషణము ఇప్పింపవచ్చును. సంతానము లేనివారు తమ ఆస్తికి వారసులగు బంధువులను అడుగవచ్చును. వృద్ధుని వదలివేసినవారికి మూడు నెలల జైలు, లేక రూ.5,000 జరిమానా, లేక రెండును విధింపవచ్చును.

భూమి వ్రాయుటకు ముందు

23వ సెక్షను మిక్కిలి ముఖ్యము. పోషింతుమను షరతు మీద ఇచ్చిన ఆస్తిని పుచ్చుకొని పోషింపనిచో, ఆ దస్తావేజును ట్రిబ్యునలు రద్దుచేయగలదు. కాని షరతు ఉన్నట్లు రుజువు కావలెనని 2022లో సుప్రీంకోర్టు చెప్పినది. కావున దానపత్రము వ్రాయించునపుడు “తిండి, బట్ట, నివాసము, వైద్యము చూడవలెను” అను మాటను అందులోనే చేర్పింపవలెను. ఇది బిడ్డల మీద అపనమ్మకము కాదు. పొలము ఎంత మంచిదైనను గట్టు వేసికొనమా?

సలహాకు, సాయమునకు 14567 అను ఉచిత ఫోను నంబరు కలదు. ఏటేట జూన్ 15 వృద్ధుల పట్ల హింసను గూర్చి లోకమంతయు తలచుకొను దినము. మన ఊరిలో అందుకు ఆ దినము దాక ఆగనక్కరలేదు. ప్రక్కింటి అవ్వ రెండు దినములుగా వాకిట కనిపింపనిచో, వెళ్లి “అవ్వా, అన్నము తింటివా?” అని అడిగిన చాలును.