రెండు రోజులు వెచ్చదనం, ఆపై వణుకు: శీతాకాల వాతావరణ సూచనను ఎలా అర్థం చేసుకోవాలి?

శీతాకాలంలో భారత వాతావరణ శాఖ (ఐఎండీ) ఇచ్చే సూచనల్లో ఒక తరహా మాట తరచూ కనిపిస్తుంది. వాయవ్య రాష్ట్రాల్లో రాత్రి ఉష్ణోగ్రతలు రెండు రోజులు కాస్త పెరిగి, ఆ తర్వాత మళ్లీ తగ్గుతాయన్నది దాని సారాంశం. మొదటి సగం మాత్రమే విని చలి పోయిందనుకుంటే పొరపాటే.

ఈ హెచ్చుతగ్గులకు ప్రధాన కారణం పశ్చిమ అలజడులు. మధ్యధరా సముద్ర ప్రాంతంలో పుట్టే ఈ వ్యవస్థలు ఎగువ వాతావరణంలోని పడమటి గాలులతో కలిసి ఇరాన్, అఫ్గానిస్థాన్, పాకిస్థాన్ మీదుగా హిమాలయాలకు చేరతాయి. కశ్మీర్, హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్‌లలో మంచు కురుస్తుంది. పంజాబ్, హర్యానా మైదానాల్లో పడే తేలికపాటి వాన గోధుమ పంటకు మేలు చేస్తుంది. అదే వడగళ్లతో వస్తే నష్టం తప్పదు.

పగలు వేడెక్కిన నేల రాత్రిపూట ఆ వేడిని వదిలేస్తుంది. ఆకాశంలో మబ్బులుంటే అవి దుప్పటిలా పనిచేస్తాయి, కాబట్టి రాత్రి చలి తగ్గుతుంది. అలజడి తూర్పుకు సాగిపోగానే మబ్బులు విడిపోతాయి. మంచు కొండల వైపు నుంచి పొడి వాయవ్య గాలులు వీస్తాయి. చలి మళ్లీ పెరిగేది అప్పుడే. వాన తడి మిగిలిన నేలపై గాలి నిలిచిపోతే దట్టమైన పొగమంచు కమ్ముతుంది. 200 మీటర్ల దూరంలోని వస్తువు కనిపించకపోతే అది దట్టమైన పొగమంచు, 50 మీటర్ల లోపువీ కనిపించకపోతే అతి దట్టమైనది.

మైదాన ప్రాంతాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువకు పడిపోయి, సాధారణం కంటే కనీసం 4.5 డిగ్రీలు తగ్గితే దాన్ని 'శీతల గాలులు'గా పరిగణిస్తారు. ఈ తగ్గుదల 6.4 డిగ్రీలు దాటితే 'తీవ్ర శీతల గాలులు'. సాధారణంగా 14 డిగ్రీలుండే ఊళ్లో 9 నమోదైతే అది శీతల గాలుల కిందికి వస్తుంది. సాధారణంగానే 6 డిగ్రీలుండే ఊళ్లో 5 నమోదైతే రాదు. అయితే ఎక్కడైనా 4 డిగ్రీలకు చేరితే, తేడాతో పనిలేకుండా శీతల గాలులుగానే ప్రకటిస్తారు.

ఉత్తరాది పొడిగాలులు మధ్య భారతం దాటి దిగివస్తే ఆదిలాబాద్ జిల్లా వణుకుతుంది. బంగాళాఖాతం వైపు నుంచి తేమగాలి వీస్తే మబ్బులు పట్టి తెలుగు రాష్ట్రాల్లో రాత్రి చలి తగ్గుతుంది.

గడువు పెరిగేకొద్దీ అంచనాలో అనిశ్చితి పెరుగుతుంది. అందుకే మూడు రోజుల వరకు ఇచ్చే స్వల్పకాలిక సూచనను రోజూ సరిచూసుకోవాలి. పసుపు రంగు హెచ్చరిక ఉంటే గమనిస్తూ ఉండాలి, నారింజ ఉంటే సిద్ధం కావాలి, ఎరుపు ఉంటే వెంటనే చర్యలు చేపట్టాలి. పొడిగాలులు మొదలయ్యేలోపే వృద్ధులకు, పసిపిల్లలకు వెచ్చని ఏర్పాట్లు చేయాలి. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకోకూడదు. దాన్నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీయగలదు.