మోదుగు పూసిందంటే భద్రాద్రి రామయ్య పెళ్లి పనులు మొదలైనట్టే!



ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్లారా? ఆకు రాల్చిన అడవిలో అక్కడక్కడా మంట అంటుకున్నట్టు కనిపిస్తుంది. అది మంట కాదు, మోదుగు పువ్వు. తెలంగాణ పల్లెల్లో గోగుపూలు అని కూడా అంటారు. సంస్కృతంలో పలాశం, కింశుకం. ‘కిం శుకః?’ అంటే ‘చిలుకా ఏమిటి?’ అని. పువ్వు వంకర చూస్తే అచ్చం చిలక ముక్కే!

రామయ్య పెళ్లికి, ఈ పూలకు సంబంధం ఏంటి?

భద్రాచలంలో స్వామివారి పెళ్లి పనులు ఫాల్గుణ పౌర్ణమి, అంటే హోలీ రోజునే మొదలవుతాయి. ఆ రోజు డోలోత్సవం, వసంతోత్సవం చేసి తలంబ్రాలు కలపడం ప్రారంభిస్తారు. అక్కడి నుంచి శ్రీరామనవమికి ఇంకో దాదాపు 24 రోజులు. భద్రాద్రి తలంబ్రాలలో పసుపుతో పాటు గులాల్ కూడా కలుపుతారు, అందుకే అవి ఎర్రగా ఉంటాయి. గుళ్లో తలంబ్రాలు ఎర్రబడే రోజుల్లోనే చుట్టూ అడవిలో మోదుగు ఎర్రబడుతుంది. చూశారా, ఎంత చక్కగా కలిసిందో!

ఇంకో మాట. భద్రాచలానికి దాదాపు 35 కిలోమీటర్ల దూరంలో పర్ణశాల ఉంది కదా. పర్ణశాల అంటే ఆకుల కుటీరం. వేదంలో మోదుగుకు ‘పర్ణ’ అనే పేరే ఉంది. సీతమ్మ కుటీరం మోదుగాకులదే అని దీన్నిబట్టి చెప్పలేం కానీ, ‘ఆకు’ అంటే ముందు ఈ చెట్టే గుర్తొచ్చేదని అర్థమవుతుంది.

ఎలా గుర్తుపట్టాలి?

ఇది చిక్కుడు కుటుంబం. బాగా పెరిగితే 10 నుంచి 15 మీటర్ల చెట్టు అవుతుంది. కొట్టేసిన చోట, పశువులు మేసే చోట మాత్రం పొదలాగే ఉండిపోతుంది. ఒక్కో కాడకు మూడే ఆకులు. పూలకు వాసన దాదాపు ఉండదు, కానీ తేనె కోసం పక్షులు బారులు తీరతాయి. పల్చటి కాయలో ఒకే ఒక్క గింజ! శాస్త్రీయ నామం బ్యూటియా మోనోస్పెర్మాలో ‘మోనోస్పెర్మా’ అంటే ఒకే గింజ అనే.

పూజలో, ఇంట్లో

నవగ్రహ హోమంలో చంద్రుడికి వేసే సమిధ మోదుగే. ఉపనయనంలో వటువు చేతికి ఇచ్చేది పలాశ దండం. యజ్ఞంలో నెయ్యి వేసే ‘జుహువు’ అనే గరిటె కూడా పలాశ కర్రదే. ఇక ఆకులు ఈనెపుల్లలతో కుడితే విస్తరి. అడవి అంచు ఊళ్లలో మోదుగాకు, అడ్డాకు విస్తర్లు కుట్టి అమ్ముకునే కుటుంబాలు ఉన్నాయి. మన ఇంటి వ్రతానికి ప్లాస్టిక్ పూత ప్లేట్లు మానేసి ఇవి కొంటే, ఆ డబ్బు నేరుగా అక్కడికే వెళ్తుంది. గింజలు ఆయుర్వేదంలో కడుపులోని పురుగులకు వాడతారు. కానీ వైద్యుణ్ణి అడగకుండా మీరే తీసుకోవద్దు.

హోలీ రంగు

రెండు గుప్పెళ్ల పూలను లీటరు నీళ్లలో పది నిమిషాలు మరిగించి, రాత్రంతా వదిలేసి, పొద్దున్నే వడకట్టండి. చక్కటి నారింజ పసుపు రంగు వస్తుంది. ముందు మోచేతి మీద కొంచెం రాసి చూసుకోండి.

ఇక్కడే అసలు విషయం. పువ్వుకు ఒక కాయ, కాయకు ఒక గింజ. కొమ్మ విరిచి తెస్తే రేపటి మొక్కలను కూడా విరిచి తెచ్చినట్టే. రంగుకు రాలిన పూలే చాలు, చెట్టు కింద బోలెడు ఉంటాయి. స్వామి పేరు చెప్పి ఆయన అడవినే బోడి చేస్తే అది భక్తి అవుతుందా?

పెంచేదెలా?

- మే, జూన్ నెలల్లో ఎండి రాలిన కాయలు ఏరండి. గింజ ఎక్కువ కాలం నిలవ ఉండదు, ఆ వానాకాలమే నాటాలి.
- ఒక రోజు నీళ్లలో నానబెట్టి, పొడవైన సంచిలో నాటండి. తల్లివేరు లోతుకు దిగుతుంది.
- బాల్కనీ కుండీలో ఇది చెట్టు కాదు. మొలక అక్కడ పెంచి, తర్వాతి వానల్లో గుడి ఆవరణలోనో, కాలనీ ఖాళీ స్థలంలోనో, సొంతూరి చేను గట్టు మీదో నాటండి.
- ఎండ బాగా తగలాలి. చౌడు నేలనైనా తట్టుకుంటుంది. మొదటి రెండు వేసవులు నీళ్లు పోస్తే చాలు.

పెరుగుదల నెమ్మది. పువ్వు చూడాలంటే ఏళ్లు పడుతుంది, కాబట్టి ఓపిక కావాలి. ఒకసారి నిలదొక్కుకుంటే మాత్రం నరికినా మళ్లీ చిగురిస్తుంది.

ఈసారి నవమికి భద్రాచలం వెళ్లేవాళ్లు తలంబ్రాలతో పాటు ఈ చెట్టునూ ఒకసారి కళ్లారా చూసి రండి. జూన్‌లో ఒక్క గింజ నాటండి. అందరికీ శ్రీరామ రక్ష!