చక్రాల కుర్చీకి దారిచ్చే ఇల్లు

ప్రశ్న: అమెరికా సైన్యంలో చేసిన మా అబ్బాయి విధుల్లో రెండు కాళ్లూ కోల్పోయాడు. టెక్సస్‌లోని వాడి సొంతింట్లో చక్రాల కుర్చీ స్నానాల గదిలోకి పట్టడం లేదు. ఏదైనా సాయం అందుతుందా?

జవాబు: అందుతుందండీ. ఆ వైకల్యం సైనిక సేవ వల్లే వచ్చిందని మాజీ సైనికుల శాఖ గుర్తించి ఉంటే, ఇంటి మార్పుల గ్రాంటుకు దరఖాస్తు చేయవచ్చు. 2025 ఆర్థిక సంవత్సరంలో దీని గరిష్ఠ పరిమితి 1,21,812 డాలర్లుగా ఉండేది. అప్పు కాదు కనుక తిరిగి కట్టక్కర్లేదు. మొత్తాన్ని ఒకేసారి వాడాలనీ లేదు. ఆరుసార్ల వరకు వాడుకోవచ్చు. ర్యాంపు, వెడల్పాటి గుమ్మాలు, గట్టు లేని షవర్‌ వంటివి చేయించుకోవచ్చు. 26-4555 ఫారం నింపి పంపండి. మంజూరయ్యేదాకా మాత్రం గోడలు కొట్టించకండి. తల్లిదండ్రుల ఇంట్లో తాత్కాలికంగా ఉన్నా, తక్కువ మొత్తంతో విడిగా సాయం ఉంది.