గీచిన బొమ్మ, మారిన శైలి: కంప్యూటరు చిత్రకళపై ఒక పాఠము



గడచిన సంవత్సరము మన గోడపత్రికకై తొమ్మిదవ తరగతి బాలిక యొకతె ఒక బొమ్మను తెచ్చి యిచ్చెను. అది నల్లకాగితముపై తెల్లని సుద్దపెన్సిలుతో గీచినది. గని షాఫ్టు, దానిపై ఎత్తైన ఇనుప చట్రము, చట్రము కొనను చక్రము, ఆ చక్రము నుండి యంత్రశాల వైపునకు వాలుగా దిగు ఉక్కుతాడు, వెనుక సైనైడ్ గుట్ట. ఆమె తాత ఆ గనిలో పనిచేసినవాడు. మన కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి గనుక, ఆ చక్రము తిరుగుటను ఆమె ఎన్నడును చూడలేదు. తాత చెప్పగా విని గీచినది.

మరునాడు ఆమెయే ఆ బొమ్మకు మరియొక రూపమును తెచ్చెను. అన్నగారి ఫోనులోని ఒక సాఫ్ట్‌వేరు దానిని డచ్చి చిత్రకారుడు వాన్‌గో శైలిలోనికి మార్చినదట. ఆకాశమంతయు సుడులు, గుట్టపై పసుపు నీలము కలిసిన మెరుపులు. నేను మిక్కిలి సంతోషించి, ఆ రెండవ బొమ్మనే గోడపత్రికపై అతికించి, మొదటిదానిని బల్ల సొరుగులో పెట్టితిని. తల్లిదండ్రుల సమావేశమునాడు ఆమె తాత వచ్చి, బొమ్మ యెదుట చాలసేపు నిలువబడి, ఇట్లనెను: “చక్రం ఉండాది, తాడు ఏదమ్మీ? తాడు లేకుంటే కేజు పైకెట్లా వస్తాది?”

చూడగా, నిజముగనే తాడు లేదు. అయ్యవారినై యుండియు నేను దానిని గమనింపలేదు. ఏల పోయినదో చెప్పుటకు నాకు ఆనాడు తెలివి లేకపోయెను. తరువాత చదివి, మన కంప్యూటరు గదిలో చేసి చూచి, గ్రహించినంత ఇక్కడ వ్రాయుచున్నాను.

కంప్యూటరునకు బొమ్మ యనగా అంకెల పట్టిక. చిత్రమును గళ్ళనోటుపుస్తకము వలె అతిచిన్న గళ్ళుగా విభజింతురు. ఒక్కొక్క గడిని పిక్సెలు అందురు. నలుపు తెలుపు బొమ్మలో గడికి ఒక అంకె చాలును: 0 అనిన కటిక నలుపు, 255 అనిన తెలుపు. రంగుల బొమ్మలో ఎరుపు, ఆకుపచ్చ, నీలములకు మూడు అంకెలు కావలెను. శైలిని మార్చుట యనగా, ఈ అంకెలను ఒక నియమము ననుసరించి వేరు అంకెలుగా మార్చుటయే.

అన్నిటికంటె సులువైన నియమమును మీరు పెన్సిలుతోనే చేయవచ్చును. ‘గింప్’ అను ఉచిత సాఫ్ట్‌వేరులో తైలవర్ణచిత్రము వలె కనుపింపజేయు సాధనమొకటి కలదు. అది ప్రతి గడి చుట్టును ఒక చిన్న కిటికీని ఊహించి, ఆ కిటికీలో ఏ ఛాయ ఎక్కువమార్లు వచ్చెనో దానినే నడిమి గడికి ఇచ్చును. గణితములో మీరు చదివిన ‘బాహుళకము’ ఇదియే. కుంచె వెడల్పుగా రంగు పూసినట్లు కనబడుట కిది కారణము. బాలిక గీచిన తాటివద్ద తొమ్మిది గళ్ళను తీసికొందము. నల్లని కాగితము 40, సుద్దగీత 200, చేయి తగిలి చెదరిన మరక 90 అనుకొనుడు.

40   40   200
40   200   40
200   90   40

మూలగా దిగుచున్న 200లే ఉక్కుతాడు. నడిమి గడి 200. కాని కిటికీలో 40 అయిదుమార్లు, 200 మూడుమార్లు, 90 ఒకమారు వచ్చినవి. బాహుళకము 40. కావున నడిమి గడియు 40 అగును, తాడు తెగును. కిటికీని ఒక్కొక్క గడి జరుపుకొనుచు పోయినచో తాడంతయు మాయమగును. చక్రము మందపుగీతతో గీచినది గనుక మిగిలెను. సన్నని గీతకు చుట్టునున్న నేలయే శత్రువు.

ఫోనులోని సాఫ్ట్‌వేరు ఇంత సులువైనది కాదు. దాని మూలము జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయములో కలదు. 2015లో గేటిస్, ఎకర్, బెత్‌గె అను ముగ్గురు పరిశోధకులు, వస్తువులను గుర్తుపట్టుటకై లక్షలకొలది ఫోటోలతో తరిఫీదు చేసిన ఒక న్యూరల్ నెట్‌వర్కును తీసికొని, దానిని చిత్రకళకు వినియోగించిరి. ఆ నెట్‌వర్కు పొరలు పొరలుగా నుండును. మొదటి పొరలు అంచులను, రంగు మచ్చలను చూచును. లోతు పొరలు కన్ను, కిటికీ, చక్రము వంటి రూపములను పట్టును. వారు కనుగొన్న కీలకమేమనగా, ఒక బొమ్మలో ‘ఏది ఎక్కడ నున్నది’ అను విషయము లోతు పొరలలో దొరకును. ‘ఎట్లు గీయబడినది’ అను శైలి, ఏ లక్షణము ఏ లక్షణముతో జంటగా వచ్చుచున్నదను లెక్కలో దొరకును. వాన్‌గో 1889లో చిత్రించిన నక్షత్రరాత్రిలో వంపుగీత యున్నచోట పసుపో నీలమో తరచుగా కలిసివచ్చును. ఆ జంటల లెక్కను ఒక మాత్రికగా వ్రాయుదురు. ఈ లెక్కలో చోటు ఉండదు. ఆకాశపు సుడి గుట్టమీదికి వచ్చుటకు అదియే హేతువు.

తరువాత, అర్థములేని చుక్కల బొమ్మతో మొదలుపెట్టి, అది విషయములో బాలిక బొమ్మకును, శైలిలో వాన్‌గో బొమ్మకును దగ్గరగునంతవరకు అంకెలను కొంచెము కొంచెముగా వందలమార్లు సవరింతురు. రెంటిలో దేనికెంత బరువు నీయవలెనో మనుష్యుడే నిర్ణయించును. 2016లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఒక శైలికి ముందుగనే తరిఫీదు చేసిన నెట్‌వర్కుతో ఇదంతయు ఒక్క ఊపులో ముగియునట్లు చేసిరి. ఆ వేసవిలోనే ‘ప్రిస్మా’ అను రష్యన్ సాఫ్ట్‌వేరు లోకమంతటి ఫోనులలోనికి ఈ విద్యను తెచ్చెను.

నేడు వాడుకలో నున్న మరియొక పద్ధతి వేరు. 2022లో వెలువడిన ‘స్టేబుల్ డిఫ్యూజన్’ వంటివి మీ బొమ్మపై ముందుగా చుక్కల దుమ్మును చల్లి, తరువాత మీరు వ్రాసిన మాటల ననుసరించి ఆ దుమ్మును తుడుచుచు క్రొత్త బొమ్మను తేల్చును. ఎంత దుమ్ము చల్లవలెనో తెలుపు అంకె 0 నుండి 1 వరకు నుండును. తక్కువైనచో మీ గీతలు నిలుచును. 0.8 అనినచో దుమ్ము క్రింద మీ బొమ్మ పూడిపోవును; యంత్రము తాను మునుపు చూచినదానిని ఊహించి గీయును. పిల్లలు ఈ అంకెను చూడకయే మీట నొక్కుదురు. నేను మొట్టమొదట చూడుమనునది దీనినే.

దీనిని నేను స్వయముగా చూచితిని. చిత్తూరు జిల్లాలో ఉపాధ్యాయ శిక్షణ పొందుకాలమున శ్రీకాళహస్తి కలంకారి పనిని దగ్గరనుండి చూచినవాడను గనుక, బాలిక బొమ్మను ఆ శైలిలోనికి మార్చుమని అడిగితిని. ఇటుకరంగు, నల్లని అంచుగీత, మామిడిపిందెల అంచు, అన్నియు వచ్చినవి. కాని ఇనుప చట్రము దేవాలయ గోపురమయ్యెను! తాను చూచిన బొమ్మలలో ఆ రంగులకు ప్రక్కన గోపురములే యుండెను గాబోలు. గని షాఫ్టు ఎక్కడ నుండి వచ్చును? ఆ సాఫ్ట్‌వేరునకు ఆధారమైన బొమ్మల సంచయములో బొమ్మ-మాట జంటలు సుమారు 585 కోట్లు. అందు సుమారు 232 కోట్లకు మాట ఆంగ్లము. తక్కినదానిలోనే నూరుకు పైబడిన భాషలు ఇముడవలెను. మన తెలుగు మాటకు అందెంత చోటుండునో మీరే ఊహించుకొనుడు.

ఆ నల్లని అంచుగీత మాట ఇంకొంచెము చెప్పక తప్పదు. కలంకారి పనివారు బట్టను కరక్కాయ, గేదెపాల మిశ్రమములో ముంచి ఆరవేయుదురు. ఇనుపముక్కలను బెల్లపునీటిలో దినములతరబడి పులియబెట్టి ‘కసిమి’ యను ద్రవమును సిద్ధము చేయుదురు. వెదురు కలముతో కసిమిని గీచినప్పుడు, అందలి ఇనుము కరక్కాయ వగరుతో కలిసి నల్లబడును. పాలలోని క్రొవ్వు గీతను ప్రాకనీయదు. పటికపూత, చెక్కల రంగులు, స్వర్ణముఖి నీటిలో ఉతుకుట తరువాతివి. (రసాయనశాస్త్రపు అయ్యవారు దీనిని ప్రయోగశాలలో చూపెదనని నాకు మాట యిచ్చియున్నారు; మరచిపోరాదని ఇక్కడ అచ్చువేయించుచున్నాను.) ఆ గీత అంత దిట్టముగా నుండుట ఇనుమువలన. యంత్రము నెరిగినది, రంగు ప్రక్కన నల్లగీత తరచుగా వచ్చునను లెక్క మాత్రమే.

ఇట్లని యంత్రమును ముట్టవద్దని నేననను. వాన్‌గో పేరే వినని పిల్లలు ఆ సుడులను చూచి, అసలు చిత్రము ఎట్లుండునని నన్ను అడిగిరి. అది చిన్న లాభము కాదు. అయితే బ్రతికియున్న చిత్రకారుల విషయము వేరు. తమ చిత్రములను అనుమతి లేకయే తరిఫీదునకు వాడిరని అమెరికాలో ముగ్గురు చిత్రకారులు 2023 జనవరిలో న్యాయస్థానమున దావా వేసిరి. 2025 మార్చిలో జపానుదేశపు జిబ్లీ స్టూడియో శైలిలో ఎల్లవారును తమ ఫోటోలను మార్చుకొన్నప్పుడును ఈ ప్రశ్నయే లేచెను.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఫోనులోని ఇట్టి సాఫ్ట్‌వేరులు పెక్కు బొమ్మను దూరపు కంప్యూటరునకు పంపి అక్కడ మార్చును. పిల్లల ముఖముల ఫోటోలను పంపనీయకుడు. గింప్ ఇంటి కంప్యూటరులోనే పనిచేయును.

ఆ బాలికతో మేము మరల ప్రయత్నించితిమి. 0.8 వద్ద తాడును, చట్రమును రెండును పోయినవి, 0.5 వద్ద తాడు విద్యుత్తీగవలె స్తంభముమీదికి ఎక్కినది; 0.3 వద్ద ఆకాశమున కొంచెము సుడి వచ్చెను గాని తాడు నిలిచినది. ఆమెకు అదియు నచ్చలేదు. తుదకు సొరుగులోని మొదటి బొమ్మను తీసికొని, తాటిని మరికొంత మందముగా దిద్ది, తాతకు చూపెను. ఆయన వ్రేలితో ఆ గీత వెంబడి చక్రము నుండి యంత్రశాల వరకు పోయి, కేజును ఇంకొక అంగుళము క్రిందికి గీయుమనెను.

ఇప్పుడు గోడపత్రికపై రెండు బొమ్మలును ప్రక్కప్రక్కన నున్నవి. ప్రతి బొమ్మ క్రిందను గీచినవారి పేరు, సాఫ్ట్‌వేరు వాడినచో దాని పేరు, అంకె ఎంత పెట్టిరను వివరము వ్రాయవలెనని నియమము చేసితిమి. వచ్చు సంచికకు బొమ్మలను తెచ్చువారు చేతితో గీచిన మూలమును గూడ తప్పక జతపరుపవలెను.